మిల్లు షెడ్డులో వాద్యబృందం

మా సంగీతం మాస్టారు పోయిన కొన్నాళ్లకు ఆయన కొడుకు ప్రసాదు హిందూపురంలో మా ఇంటికి వచ్చాడు. తండ్రి పేరు మీద సంస్మరణ సంచిక వేస్తున్నామని చెప్పాడు. "నాయన దగ్గర మొదట్లో నేర్చుకున్నోళ్లల్లో మిగిలింది ఇద్దరు ముగ్గురే అక్కా. మీరు రాయకుంటే అది సంచికే కాదు. ఎంతైనా రాయండి, ఒక్క అక్షరం తీసెయ్యం," అన్నాడు. నేను నమ్మాను. వారం పాటు కూర్చుని, రాసినది కొట్టేసి మళ్లీ రాసి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. ఆవిష్కరణకు ముందే సంచిక ఇంటికి వచ్చింది. నున్నటి కాగితం, రంగుల అచ్చు. నా ఫొటో కింద నాలుగంటే నాలుగు వాక్యాలు ఉన్నాయి. మాస్టారు మమ్మల్నందరినీ సొంత బిడ్డల్లా చూసుకున్నారట. ఏ భేదమూ ఎరగని మహానుభావుడట. ఈ చివరి మాట నేను రాయలేదు. నా పేరు పెట్టి ఎవరో రాసుకున్నారు. ఫోన్ చేసి అడిగితే ప్రసాదు మెత్తగా, "పోయిన మనిషి గదక్కా, మంచే చెప్పుకుందాం. ఆ పాత ముచ్చట ఇప్పుడెందుకు?" అన్నాడు. వాళ్లు తీసేసిన పాత ముచ్చటను ఇక్కడ రాస్తున్నాను. ఇది నా పుస్తకం. దీన్ని కత్తిరించడానికి ఎవరూ లేరు. వయసు మీద పడితే కోపాలు చల్లారతాయని అంటారు. నాకు అరవై దాటి చాలా కాలమైంది. ఇది చల్లారలేదు.

మేం మంగలోళ్లం. ఇప్పుడు మర్యాదగా వేరే పేరు రాస్తారు గానీ, గోరంట్ల దగ్గరి మా ఊళ్లో అప్పుడు మమ్మల్ని పిలిచిన మాటే నేను రాస్తున్నాను. మా నాయన తెల్లారితే కత్తుల పెట్టె చంకన పెట్టుకుని వీధుల్లోకి పోయేవాడు. పెళ్లిళ్ల కాలంలో అదే చంకన సన్నాయి ఉండేది. వెలుగు రాకముందే ఇంటి వెనక గోడకు ఆనుకుని కూర్చుని, రెల్లుతో చేసిన పీకను నోట్లో పెట్టుకుని నానబెట్టేవాడు. అది నానేదాకా మాట్లాడేవాడు కాదు. ఏదైనా కావాలంటే కనుబొమలతోనే చెప్పేవాడు. ఆయన దగ్గర రెండు వాసనలు కలిసి ఉండేవి. గడ్డాలకు రాసే పటిక వాసన చేతులకు, సన్నాయి కర్రకు పట్టించే వేరుశనగ నూనె వాసన చొక్కాకు. లోపల అమ్మ రాగి సంగటి కెలుకుతుంటే కట్టె కుండకు తగిలే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుకు నాయన వేలితో తాళం వేసుకునేవాడు. సంగటిలోకి వేరుశనగ గింజలు నూరిన ఊరుబిండి ఉంటే ఆ రోజు మాకు పండగ. వానలు పడని ఏడు చెనక్కాయలు కూడా కొనుక్కోవాల్సి వచ్చేది, అప్పుడు ఉప్పూ మిరపకాయే.

నాయనకు కొడుకులు లేరు. చిన్నాయన కొడుకులు సన్నాయి ముట్టకుండా బెంగళూరు సెలూన్లకు పోయారు. అయినా నాయన నన్ను కూర్చోబెట్టి నేర్పించలేదు. పక్కన శ్రుతి పట్టుకుని కూర్చున్న నేనే ఒకనాడు ఆయన లేనప్పుడు తీసి ఊదాను. ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. అమ్మకు ఒళ్లు మండింది. "పెండ్లి కావాల్సిన పిల్లకు ఈ ఊదేదెందుకు? బుగ్గలు ఉబ్బి పోతాయి," అంది. "ఇన్నేండ్లు ఇంట్లో వింటాండాది. చెవులు మూసుకోమంటావా?" అన్నాడు నాయన. ఆ రోజు నుంచి తెల్లారకముందు ఇద్దరం ఊదేవాళ్లం. పెదవులు పగిలి ఉప్పు తగిలితే మండేవి. నాకు అది బాగుండేది.

మాస్టారు ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం చెప్పేవారు. ఫిడేలు ఆయన సొంత విద్య. మా వీధికి ఆయనలాంటి వాళ్లు ఎవరూ రారు. ఒక ఉదయం మాత్రం బడికి పోతూ పోతూ మా వీధిలోకి తిరిగి, మా ఇంటి ముందు ఆగి, పొట్టి గుమ్మం కింద తల వంచి లోపలికి వచ్చారు. అమ్మ చాప కోసం పరిగెత్తింది. ఆయన అప్పటికే వట్టి నేల మీద కూర్చున్నారు. "ఊదుతుండేది ఎవరు గంగన్నా?" అని అడిగారు. "నా కూతురు అలివేలు, స్వామీ," అన్నాడు నాయన తప్పు చేసినవాడిలా. "పిల్లలతో ఒక వాద్యబృందం కట్టినాను. ఫిడేళ్లు ఉన్నాయి, వీణ ఉంది, మృదంగం ఉంది. సన్నాయి లేదు. పంపు," అన్నారు. మా ఇంటి నేల మీద కూర్చుని మా నాయనను అడిగారు. ఇది నిజం కాబట్టి రాస్తున్నాను. ఏమీ తెలియనివాడు చేసిన పని అయితే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. మా ఇంటి నేల మీద కూర్చోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు.

ఆ ఏళ్లలో చెనక్కాయ పంట వరసగా పోయింది. ఊరి చివర కాయలు వలిచే మిల్లు మూతపడి ఉండేది. మిల్లు యజమాని చెన్నప్ప తన షెడ్డును పాటల కోసం ఇచ్చాడు. ఆయన కూతురు సరళ మాస్టారి దగ్గర వీణ నేర్చుకుంటుండేది, అందుకని. రేకుల షెడ్డు. మధ్యాహ్నం పొయ్యి మీద కూర్చున్నట్టు ఉండేది. మూలలో పొట్టు గుట్టలుగా పడి ఉండేది, గాలి వీస్తే అది లేచి ఫిడేలు తీగల మీద, జడల మీద, నోట్లో పడేది. ఈరోజుకీ వేయించిన చెనక్కాయల పొట్టు నలిపితే నాకు ఆ షెడ్డే కళ్ల ముందుకు వస్తుంది. మాస్టారు ముందు అందరిచేతా పాడించేవారు, తర్వాతే వాద్యాలు ముట్టనిచ్చేవారు. నస్యం పీల్చేవారు. తుమ్ము వస్తే తాళం తప్పకుండా తుమ్మేవారు, మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం.

నా పక్కన ఫిడేలు వాయించే పిల్ల పేరు సువార్త. వాళ్లమ్మ కూలికి పోయేది. చర్చిలో ఎవరో ఇచ్చిన పాత ఫిడేలు దానికి ఉండేది. చర్చి పాటలన్నీ దానికి వచ్చు. మేం ఇద్దరం కలిసి వచ్చి కలిసి పోయేవాళ్లం. సాయంత్రం మాస్టారి భార్య బొరుగులు కలిపి తెచ్చేది. సరళకూ మిగతా పిల్లలకూ ప్లేట్లలో పెట్టేది. నాకూ సువార్తకూ మాత్రం పరికిణీ పట్టమని, ఒళ్లో పోసేది. మాస్టారు అది చూసేవారు. చూసి, ఫిడేలు తీగ సవరించుకుంటూ ఉండిపోయేవారు. మాకు ఆకలి. తినేవాళ్లం.

అయినా ఆ షెడ్డులో నేను సుఖపడ్డాను, అబద్ధం ఎందుకు. సన్నాయి ఎత్తితే ఫిడేళ్లన్నీ మునిగిపోయేవి. మాస్టారు నన్ను గోడ వైపు తిప్పి చూశారు, షెడ్డు చివరకు పంపి చూశారు. చివరకు గాలి తగ్గించి ఊదడం నేర్పారు. అది గట్టిగా ఊదడం కంటే ఎంతో కష్టం, కడుపులో కండరాలు వణికేవి. అది నాకు పట్టుబడిన రోజు నన్ను అందరికీ మధ్యలో కూర్చోబెట్టారు. ఫిడేళ్ల వాళ్లందరినీ నా సన్నాయికి శ్రుతి చేసుకోమన్నారు. "తీగలు మీరు బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు. దాని కర్రకు వేసిన తూట్లు మారవు. మీరే అలివేలు దగ్గరికి రావల్ల," అన్నారు. పెద్దింటి పిల్లలు ఒక్కొక్కరు నా వైపు చెవి ఒగ్గి తీగలు సవరించుకున్నారు. నా జన్మలో అటువంటిది అంతకు ముందు జరగలేదు. ఖరహరప్రియలో ఒక పెద్ద కీర్తన నేర్పించారు. దాని ముందు రాగం ఎత్తుకోవలసింది నేనే.

అప్పుడు లేపాక్షిలో కచేరీ కుదిరింది. బసవన్నకు దగ్గర్లో పెద్ద పందిరి వేస్తారని, రేడియో వాళ్లు వస్తారని, జిల్లా పెద్దలు వస్తారని చెప్పారు. అదే కచేరీకి బెంగళూరు నుంచి సరళను చూసుకోవడానికి పెళ్లివాళ్లు కూడా వస్తున్నారు. కచేరీ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం చెన్నప్ప షెడ్డుకు వచ్చి, భుజాన తువ్వాలు వేసుకుని కీర్తన మొత్తం నిలబడి విన్నాడు. మాస్టారిని బయటికి పిలిచాడు. నేను రేకు గోడకు ఇటు వైపే పీకను కడుక్కుంటున్నాను. ప్రతి మాటా వినిపించింది.

"ఏమప్పా అయ్యవారూ, ఆ పిల్ల ఆడ కూడా నడిమధ్యనే కూర్చుంటాదా?"

"రాగం ఎత్తుకునేది ఆ పిల్లే గదప్పా."

"షెడ్డులో ఎత్తుకోనీ, నేనేమన్నా అంటినా? ఆడ నా బిడ్డను చూసేకి వస్తాండారు. మంగలోళ్ల పిల్ల పక్కన కూర్చోబెట్టి చూపియ్యమంటావా? సన్నాయి అంటే వాకిట్లో వాయిస్తారు. గంగన్నను పిలిపిస్తా, పందిరి ముందర వాయిచ్చి పోతాడు. ఎప్పుడూ ఉండే పద్ధతే గదా."

"చిన్నపిల్ల. మనసు కష్టపెట్టుకుంటుంది," అన్నారు మాస్టారు.

"షెడ్డు నాది అయ్యవారూ," అన్నాడు చెన్నప్ప. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

మాస్టారు లోపలికి వచ్చి నన్ను పక్కకు పిలిచారు. తల నిమిరారు. "ఈ ఒక్కసారికి సర్దుకో తల్లీ. శ్రుతిపెట్టె నీ చేతికిస్తాను. శ్రుతి లేకపోతే సంగీతమే లేదు. అది తక్కువ పని కాదు," అన్నారు. "నా రాగం ఎవరు ఎత్తుకుంటారు సార్?" అని అడిగాను. "నేను ఫిడేలు మీద పట్టుకుంటాలే," అన్నారు. సర్దుకో అనే మాటను నేను ఆ తర్వాత ఎన్నోసార్లు విన్నాను. దాన్ని అరిచి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఎప్పుడూ తల నిమిరే చెప్పారు. చెన్నప్ప మాట కంటే ఆ చెయ్యి నాకు ఎక్కువ మంట పుట్టించింది. చెన్నప్ప నన్ను ఎన్నడూ మధ్యలో కూర్చోబెట్టలేదు. లేపిందీ, కూర్చోబెట్టిందీ ఒకే చెయ్యి.

నేను ఇంట్లో చెప్పలేదు. ఆఖరి నిమిషంలో మాస్టారు మనసు మార్చుకుంటారని నా ఆశ. నాయన ఉతికిన పంచె కట్టుకుని, డోలు వాయించే మామను వెంటబెట్టుకుని లేపాక్షికి వచ్చాడు. పందిరి ముందర నిలబడి వచ్చేవాళ్లందరికీ వాయించాడు. ఆ రోజు బాగా వాయించాడు. లోపల మధ్యలో కూతురు కూర్చుంటుందని ఆయన సంతోషం. పెద్దలు లోపలికి పోయాక, మళ్లీ ముగింపులో వాయించాలి, బయటే ఉండమని ఎవరో చెప్పారు. ఆయన పందిరి గుంజను పట్టుకుని మెడ చాచి నిలబడ్డాడు. నేను వేదిక వెనక వరసలో శ్రుతిపెట్టె ముందేసుకుని కూర్చున్నాను. నాయన కళ్లు మధ్యన వెతికాయి, అక్కడ మాస్టారు కూర్చుని ఉన్నారు. తర్వాత అటూ ఇటూ వెతికాయి. నేను దొరికాను. ఆయన ముఖం వైపు నేను మళ్లీ చూడలేదు.

మాస్టారు రాగం ఎత్తుకున్నారు. బాగా వాయించారు, ఆయన గొప్ప విద్వాంసుడు, అందులో సందేహం లేదు. కొంతసేపు వింటూ ఉండగా నాకు ఒకటి అర్థమైంది. నేను ఊదేటప్పుడు ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటానో అక్కడల్లా ఆయన కమాను ఆపుతున్నారు. ఫిడేలుకు ఊపిరి అక్కర్లేదు. కమాను ఎంతసేపైనా లాగవచ్చు. నా సంగతులే కాదు, నా ఊపిరిని కూడా ఎక్కడిదక్కడ పెట్టి వాయిస్తున్నారు. పందిట్లో పెద్దలు ఆహా అని తలలూపుతున్నారు. నేను శ్రుతిపెట్టె తిత్తి మూసి, కొక్కెం వేసి, లేచాను.

శ్రుతి ఆగిపోగానే ఫిడేళ్లు ఒక్కసారి తొణికాయి. సరళ చెయ్యి వీణ మీద ఆగింది. మాస్టారు వెనక్కి తిరగకుండానే ఒట్టి తీగ మీద షడ్జమం లాగి అందరినీ నిలబెట్టి, ముందుకు సాగారు. నేను సువార్త వైపు చూశాను. లేచి వస్తుందనుకున్నాను. అది నన్ను చూసింది, కళ్లు మూసుకుంది, దాని కమాను ఆగలేదు. నేను మెట్లు దిగి, జనం మధ్య నుంచి నడిచి నాయన దగ్గరికి పోయాను. సన్నాయి కోసం చెయ్యి చాపాను. అక్కడి నుంచే, పందిరి బయట నుంచే నా రాగం నేను ఊదుదామని. నాకు ఆ గాలి ఉంది. ఆ రోజు గాలి తగ్గించి ఊదే పని లేదు. నేను ఊది ఉంటే పందిట్లో ఫిడేళ్లు ఒక్కటీ వినిపించేవి కావు.

"ఇయ్యి నాయనా."

"వద్దు పాపా."

"ఇయ్యి."

ఆయన సన్నాయిని రెండు చేతులతో ఎదకు హత్తుకున్నాడు. నేను లాగాను. ఎవరెవరో తిరిగి చూస్తున్నారు. "ఇడ్సు పాపా, ఇడ్సు," అన్నాడు గొంతు లోపల. ఆయన చేతులు గట్టివి, నేను విడిపించలేకపోయాను. లోపల కీర్తన అయిపోయి చప్పట్లు మోగేదాకా మేమిద్దరం ఆ కర్రను అట్లా పట్టుకునే ఉన్నాం. ముగింపులో నాయన వాయించాడు. వాయించమన్నారు కాబట్టి.

బస్సులో నేను ఆయన పక్కన కూర్చోకుండా వెనక సీటుకు పోయాను. మా ఊరి దగ్గర దిగి నడుస్తుంటే ఆయనే అన్నాడు: "నీకేమి, ఒకపొద్దు కోపం తీర్చుకుంటావు. తెల్లారితే నేను వాళ్ల గడ్డమే గియ్యల్ల." ఆ మాట విన్నాక నాయన మీద కోపం నాలో నిలవలేదు. ఎవరి మీదికి పోవాలో వాళ్ల మీదికి పోయింది. చెన్నప్ప వాళ్లు ఆ ఏడు మమ్మల్ని ఏ శుభకార్యానికీ పిలవలేదు. సరళ పెళ్లికి కదిరి నుంచి మేళం తెప్పించారు. గడ్డాలు మాత్రం నాయనే గీశాడు.

కొన్నాళ్లకు మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఈసారి అమ్మ చాప వేసేదాకా నిలబడ్డారు. "అయిపోయిందేదో అయిపోయింది. రేపటి నుంచి రా తల్లీ. నువ్వు లేకుండా షెడ్డు బోసిగా ఉంది," అన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడి, "వస్తా సార్. ఇంకోసారి కచేరీ అయితే నేను యాడ కూర్చోవల్ల? అది చెప్పండి," అన్నాను. ఆయన నస్యం డబ్బీ తీశారు. మూత తెరిచారు, మూశారు. అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, లేచి పోయారు. మళ్లీ రాలేదు, నేనూ పోలేదు. వాద్యబృందం చాలా ఏళ్లు నడిచింది, పేరు తెచ్చుకుంది. సువార్త అందులోనే పెరిగి బడిలో సంగీతం టీచరైంది. నేను నాయన పక్కన కూర్చుని పెళ్లిళ్లలో ఊదాను, రేడియోలో ఊదాను, హిందూపురంలో పిల్లలకు నేర్పాను. బతుకు చెడిపోలేదు. కోపానికి బతుకు చెడిపోనక్కర్లేదు.

సంచిక ఆవిష్కరణ పుట్టపర్తిలో పెట్టారు. పోకూడదనుకున్నాను గానీ పోయాను. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. మాస్టారి పేరుతో ప్రసాదు నడుపుతున్న పిల్లల బృందం తెల్లబట్టలు కట్టుకుని వాయించింది. ఫిడేళ్లు, వేణువులు, కీబోర్డు. చక్కగా వాయించారు, వాళ్ల మీద నాకేం కోపం ఉంటుంది? సన్నాయి లేదేమని ప్రసాదును అడిగాను. "సౌండు ఎక్కువక్కా. మైకుల్లో కలవదు," అన్నాడు. మీ నాయనకు మైకు లేకుండానే కలిసింది అన్నాను. అతను ఎవరినో పలకరిస్తూ పక్కకు జరిగాడు. సన్నాయి వాళ్లు లేకపోలేదు. హాలు బయట, చెప్పులు విడిచే చోట ఇద్దరు కూర్చుని అతిథులకు వాయిస్తున్నారు. ఇప్పుడు ఎవరినీ బయట ఉండమని చెప్పరు. అక్కడే కుర్చీలు వేస్తారు.

నన్ను రెండు మంచి మాటలు మాట్లాడమన్నారు. సంచికలో తీసేసినదంతా మైకు ముందు చెప్పాను. మా ఇంటి నేల మీద కూర్చున్నదీ చెప్పాను, శ్రుతిపెట్టె చేతికిచ్చినదీ చెప్పాను. ఆ తెల్లబట్టల పిల్లలు కదలకుండా విన్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, "పోయినాయన గురించి ఇట్లా మాట్లాడొచ్చునా తల్లీ?" అన్నాడు.

"బతికుండంగానే ఆయన్నే అడిగినా," అన్నాను. "మజ్జిగ తాగి లేసిపోయినాడు."

తిరుగు బస్సు ఎక్కితే సువార్త వచ్చి నా పక్కన కూర్చుంది. హాల్లో వెనక ఉందట, నేను చూడలేదు. తల పూర్తిగా నెరిసింది, మోకాళ్లు పట్టుకుని కూర్చుంటోంది. తనది గోరంట్ల. చాలాదూరం ఇద్దరం కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ వచ్చాం.

"ఆ పొద్దు నేను కూడా లేసుంటే బాగుండు," అంది చివరకు. కాదులే అని నేను అంటానని ఎదురుచూసింది.

"అవును," అన్నాను. "లేసుంటే బాగుండు."

సువార్త తల దించుకుంది. నేను ఓదార్చలేదు. లేచి పోయి కూర్చోవాలంటే వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి. గోరంట్ల వచ్చేదాకా తను లేవలేదు, నేనూ లేవలేదు.